మాట ఒకటి, గొంతు ఒకటి

"రా సామీ, కూచో" - ఈ మూడు మాటలు ఎన్ని తీర్ల అనవచ్చో చిత్తూరు పక్కన పుట్టినవాళ్ళకు వేరే చెప్పాల్నా? ఆప్యాయంగా అనవచ్చు, విసుక్కుంటా అనవచ్చు, నలుగురిలో నవ్వులపాలు చేయడానికీ అనవచ్చు. మాటలు అవే. మారేది స్వరంలో హెచ్చుతగ్గులు, బిగువు, వేగం. సైన్సు విద్యార్థులం వాటినే పౌనఃపున్యం, తీవ్రత అని రాసి మార్కులు తెచ్చుకుంటాం.

మరి మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళ సంగతేమిటి? (మొన్నటిదాకా బుద్ధిమాంద్యం అనేవాళ్ళం. కాగితాల్లో పేరు మారింది, వీధిలో పిలుపు మారలేదు.) పరిశోధకులు గొంతులు వినిపించి ఇది కోపమా, దుఃఖమా, సంతోషమా అని అడిగి చూశారు. మొత్తం మీద అదే వయసు వాళ్ళకంటే వీళ్ళు ఎక్కువ తడబడతారని తేలింది. అంతమాత్రాన "వాళ్ళకేం తెలుస్తుందిలే" అనేయడం నాకు సమ్మతం కాదు. దుఃఖానికి పేరు చెప్పలేకపోవడం వేరు, దాన్ని పసిగట్టలేకపోవడం వేరు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో వినికిడి లోపం కూడా ఎక్కువే. చెవి పరీక్ష చేయించకుండా బుద్ధిని తప్పుపట్టడం ఏం శాస్త్రం?

మా ఊళ్ళో నలభై దాటిన మనిషి ఒకాయన ఉన్నాడు. నోట్ల లెక్క తెలియదు. ఇంట్లో ఎవరి గొంతు పెరిగినా, తిట్టింది తనను కాకపోయినా, పోయి ఆవుల కొట్టంలో నిలబడతాడు. అదే రచ్చబండ దగ్గర కుర్రోళ్ళు నవ్వుతా బూతులు తిడితే తనూ నవ్వుతాడు. మాట ఒకటి, గొంతు ఒకటి అయినప్పుడు ఆయన గొంతునే నమ్ముతాడు. నాకు భయం అక్కడే. తీయగా పలకరించి వేలిముద్ర వేయించుకునేవాడికి ఎకరా మామిడితోట ఎంతసేపటి పని?

చట్టాలు లేకపోలేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ఇలాంటి వారికి సంరక్షకుణ్ణి నియమించవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షను ప్రకారం నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఈ కబురు రచ్చబండ దాకా ఎవరు మోసుకుపోవాలి?

మన విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రమూ ఉంది, భౌతికశాస్త్రమూ ఉంది. రెండు శాఖలూ కలిసి మన యాసలోనే గొంతులు సేకరించాలి: అమ్మది, బస్సు కండక్టరుది, అంగడాయనది, తీపి మాటల మోసగాడిది కూడా. వాటితో ఈ పెద్దవాళ్ళకు, ఇంటివాళ్ళ సమ్మతితో, మెల్లగా అభ్యాసం చేయించాలి. సెల్‌ఫోనుంటే చాలు, ఖర్చేమీ లేదు. ఎండాకాలం సెలవుల్లో మా ఊరి గొంతులు నేను తెస్తా. కుప్పం, పుంగనూరు పక్క మిత్రులు ఎవరెవరు వస్తారో చెప్పండి.