యంత్రం చెప్పింది సరే, పూచీ ఎవరిది?

బాలలూ! 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు ప్రారంభించింది. అల్లూరు రైతుకు కచేరీల చుట్టూ తిరిగే శ్రమ తగ్గితే మంచిదే.

ఇటువంటి సేవలకు కృత్రిమ మేధ తోడైతే, నోటితో అడిగినా జవాబు వస్తుంది. కాని ఆ మేధ, తాను చదివిన కోట్ల వాక్యాలనుబట్టి ఏ మాట తర్వాత ఏ మాట రావాలో లెక్కగట్టి జవాబు అల్లుతుంది. నెల్లూరు యాస అంతగా ఎరగకపోతే తడబడుతుంది. తప్పునైనా ధీమాగా చెబుతుంది.

“పింఛనుకు అర్హత లేదు” అని యంత్రం పొరబడితే, అవ్వ ఎవరిని అడగాలి? అందుచేత దరఖాస్తులు వెతకడం, సర్దడం యంత్రం చేయవచ్చు. కాదనే ముందు మాత్రం ఒక అధికారి పరిశీలించి, కారణం రాసి, సంతకం చేయాలి.

మీరూ అవ్వకు ఫోనులో సాయపడండి. వచ్చిన జవాబును కార్యాలయంలో సరిచూడండి. శాస్త్రీయ దృష్టి అంటే అదే కదా!