జరిమానా కాదు, నష్టపరిహారమే

ఒప్పందాన్ని ఉల్లంఘించినవారు ఎదుటి పక్షానికి కలిగిన నష్టాన్ని భర్తీ చేయవలసిందే. అయితే ఆ సాకుతో నష్టపోని పక్షం లాభపడటం న్యాయం కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ఈ తేడాను గుర్తించింది. పత్రంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సముచితమైన పరిహారాన్నే కోర్టు ఇప్పిస్తుంది. అయినా ధరావతు జప్తు చేయడం తమ హక్కేనన్న ధోరణి ప్రభుత్వ సంస్థలలోనూ, బిల్డర్లలోనూ కనిపిస్తుంది.

సుప్రీంకోర్టు ఈ ధోరణిని పలుమార్లు తప్పుపట్టింది. సైన్యానికి బంగాళాదుంపలు, గుడ్లు, చేపలు సరఫరా చేయలేకపోయిన కాంట్రాక్టరు నుంచి ప్రభుత్వం 18,500 రూపాయల ధరావతును జప్తు చేసుకుంది. అదే సరుకును వేరేచోట కొనడంవల్ల ఎంత నష్టపోయిందో మాత్రం చూపలేకపోయింది. ఆ సొమ్మును తిరిగి ఇవ్వాలని 1969లో కోర్టు ఆదేశించింది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఉదంతం మరీ విడ్డూరం. 1982 వేలంలో 3.12 కోట్ల రూపాయలకు పాడిన స్థలం తాలూకు 78 లక్షల ధరావతును ఆ సంస్థ జప్తు చేసి, 1994లో అదే స్థలాన్ని 11.78 కోట్లకు అమ్ముకుంది. నష్టమే లేనప్పుడు పరిహారం ఎక్కడిదని ప్రశ్నించిన సుప్రీంకోర్టు, ఆ మొత్తాన్ని 9 శాతం వడ్డీతో చెల్లించాలని 2015లో తీర్పు చెప్పింది.

నష్టాన్ని లెక్కగట్టడం సాధ్యంకాని సందర్భాలలో, ముందుగా సహేతుకంగా అంచనా వేసి రాసుకున్న మొత్తాన్ని ఇప్పించవచ్చునని 2003లో ఓఎన్‌జీసీ కేసులో ఇదే కోర్టు చెప్పింది. అందులో ఔచిత్యం ఉంది. కానీ అంచనాకూ, బెదిరింపుకూ తేడా చెరిగిపోరాదు.

బలహీనుడి చేత సంతకం చేయించుకునే పత్రాలలో ఈ తేడా తరచు మాయమవుతుంది. గుర్‌గావ్‌లో ఒక ఫ్లాటు ఒప్పందం ప్రకారం కొనుగోలుదారు ఆలస్యానికి 18 శాతం వడ్డీ, బిల్డరు జాప్యానికి 9 శాతమే! ఇది ఏకపక్షమని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇరుపక్షాలకూ ఒకే వడ్డీ ఉండాలని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కూడా నిర్దేశించింది.

నష్టానికి ఏమాత్రం పొంతనలేని జరిమానాను 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందంగా పరిగణిస్తుంది. అయితే అటువంటి ఫిర్యాదును జిల్లా కమిషన్ విచారించజాలదు. రాష్ట్ర కమిషన్‌కో, జాతీయ కమిషన్‌కో వెళ్లాలి. కొద్దిపాటి బయానా పోగొట్టుకున్న సామాన్యుడు రాష్ట్ర రాజధాని దాకా వెళ్లి పోరాడగలడా? ఆ అధికారాన్ని జిల్లా కమిషన్లకు ఇవ్వాలి. నష్టాన్ని లెక్కకట్టి రికార్డు చేయనిదే ధరావతు జప్తు చేయరాదని ప్రభుత్వ కార్యాలయాలను ఆదేశించాలి. మూడు దశాబ్దాల తర్వాత దక్కే న్యాయం చట్టానికి గౌరవం తేవచ్చునేమో గాని, బాధితునికి ఊరట కాజాలదు.