‘ఇచ్చినం’ అంటే చాలదు

సోమవారం వచ్చిందంటే వేములవాడలో టీ కొట్టు నుంచి లాడ్జీ దాకా అందరికీ గిరాకీయే. మహాశివరాత్రి జాతరయితే ఇక చెప్పనక్కర్లేదు. రాజన్న దర్శనానికి, కోడె మొక్కుకు వచ్చే జనం మీదే ఈ ఊరి వ్యాపారం చాలావరకు నడుస్తుంది. ఆ జనానికి వండి వడ్డించేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, కొబ్బరికాయల దుకాణాల్లో పొద్దంతా నిలబడేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల జీతాల ముచ్చట తీస్తే యజమానుల నుంచి వచ్చే జవాబు దాదాపు ఒకటే: “చట్టాలు రోజుకోటి మారుతయి సార్. మేం దుకాణం నడుపుకోవాల్నా, జీవోలు చదువుకోవాల్నా?”

ఈ గోడులో నిజం లేకపోలేదు. వేతనాల కోడ్ 2019లో, మిగతా మూడు కార్మిక కోడ్‌లు 2020లో పార్లమెంటులో పాసయ్యాయి. అదిగో ఇదిగో అంటూ ఏళ్లు గడిచాక, 29 పాత చట్టాల స్థానంలో 2025 నవంబర్ 21న నాలుగూ ఒకేసారి అమల్లోకి వచ్చాయి. కొత్త కోడ్‌కు విరుద్ధం కానంతవరకు పాత నోటిఫికేషన్లూ చెల్లుతాయి. అంటే పాతదీ తెలియాలి, కొత్తదీ తెలియాలి. వీటికి తోడు రాష్ట్రం జీవోలు. 2025 జూలై 5న వచ్చిన జీవో 282 రోజుకు 10 గంటల పనికి అనుమతించింది. అయితే వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది, దుకాణాలకు ఆ జీవో వర్తించదు కూడా. ఈ రెండో ముక్క చదవకుండా ‘పది గంటలు’ అన్నది మాత్రమే పట్టుకున్న దుకాణదారుడు ఇరుక్కోవడం ఖాయం.

అయినా నా మాట ఒకటే. చిన్న యజమానిని ముంచేది మారిన చట్టం కాదు, రాయని పుస్తకం.

ఈ ఊళ్లో ఏ హోటల్ గల్లా పక్కన చూసినా ఒక ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఉంటుంది. అందులో పనివాడి పేరు, దాని కింద తీసుకున్న అడ్వాన్సులు, పక్కన నాగాల గీతలు, నెలాఖరున మిగిలిన లెక్క. ఎన్ని గంటలు పనిచేశాడో ఉండదు. ఓటీ గడి ఉండదు. పనివాడి సంతకం అసలే ఉండదు. అడ్వాన్సు మాత్రం రూపాయి పోకుండా రాసి ఉంటుంది. జాతర మూడు రోజులు రాత్రింబవళ్లు చేయించుకుని, చివర్లో చేతిలో ఎంతో కొంత పెట్టి పంపిస్తే ఆ డబ్బు ఎక్కడా రాయరు.

వేతనాల కోడ్ దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. జీతం తక్కువ ఇచ్చారనో అసలు ఇవ్వలేదనో కార్మికుడు క్లెయిము వేస్తే, ఇచ్చినట్టు నిరూపించాల్సింది యజమానే. ఇదివరకు కనీస వేతనాల క్లెయిముకు ఆరు నెలల గడువుండేది, ఇప్పుడది మూడేళ్లు. బకాయికి తోడు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం కూడా ఉంది. “జాతరప్పుడు ఇచ్చినం సార్” అంటే అధికారి ముందు చెల్లదు. మామూలు గంటలు దాటిన పనికి రెట్టింపు రేటు కట్టి, సంతకం తీసుకున్న కాగితమే యజమానికి రక్ష.

“తిండి పెడుతున్నం, పడక ఇస్తున్నం” అనేది ఇంకో వాదన. జీతానికి బదులు వస్తురూపంలో ఇచ్చేది మొత్తం వేతనంలో 15 శాతం వరకే లెక్కలోకి వస్తుంది. బస విలువ వేతనంలో కలవదు. పక్కనే ఉన్న సిరిసిల్లలో సాంచెల మీద పీసు రేటుకు పనిచేసేవాళ్లకైనా, వెయ్యి బీడీలకు ఇంత అని చుట్టే ఆడవాళ్లకైనా కనీస వేతనం వర్తిస్తుంది. ఇదివరకు ప్రభుత్వం షెడ్యూలులో చేర్చిన పనులకే ఆ హక్కు ఉండేది. కోడ్ దాన్ని ఉద్యోగులందరికీ విస్తరించింది.

మరి వీటన్నిటినీ ఎట్లా పట్టించుకోవాలి? ఏడాదికి రెండు తేదీలు గుర్తుంటే సగం పని అయినట్టే: ఏప్రిల్ 1, అక్టోబర్ 1. ధరల సూచీని బట్టి కరువు భత్యం మారేది ఆ రోజుల నుంచే. కార్మిక కమిషనర్ ఇచ్చే ప్రకటన చూసి, తన రంగానికి కొత్త రేటెంతో రిజిస్టరులో రాసుకోవాలి. నెల జీతం తర్వాతి నెల 7లోపు ఇవ్వాలి. పని మానేసినవాడికైనా, మాన్పించినవాడికైనా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. పదిమంది, ఆపైన పనిచేసే చోట నియామక పత్రం తప్పనిసరి. పీఎఫ్ కడుతున్న సంస్థలు ఇంకో సంగతి చూసుకోవాలి. మూలవేతనం తక్కువ చూపి అలవెన్సులు పెంచినా, మొత్తంలో సగం దాటిన అలవెన్సులను వేతనంగానే లెక్కగడతారు.

చట్టంలో యజమానికి ఒక వెసులుబాటూ ఉంది. రిజిస్టరు వంటి లోపాలకు కేసు పెట్టే ముందు అధికారి సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి, ఐదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే తప్ప. జీతం తక్కువ ఇవ్వడానికి మాత్రం ఆ దయ లేదు. జరిమానా 50 వేల దాకా ఉంటుంది.

యజమానుల మీదే నెపమంతా వేస్తే అది న్యాయం కాదు. కనీస వేతనాలను ఐదేళ్లకోసారైనా సమీక్షించాలని 1948 చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెబుతోంది. తెలంగాణలో 2021లో ఐదు రంగాలకు జీవోలు తెచ్చి, వాటిని గెజిట్‌లో అచ్చేయకుండా ఏళ్లు గడిపారు. తాను తెచ్చిన జీవోనే తాను పట్టించుకోని ప్రభుత్వం, లాడ్జీ యజమాని జీవో చదవలేదని కోప్పడితే ఎవరు వింటారు?

కార్మిక శాఖ ఆ రెండు తేదీలకు ముందే కొత్త రేట్లను తెలుగులో ఒక్క పేజీలో అచ్చేయించాలి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ కాగితంతో పాటు దాన్నీ ఇవ్వాలి. హోటళ్ల, లాడ్జీల సంఘాలు ఏడాదికి రెండు మీటింగులు దీనికోసమే పెట్టుకోవాలి. ఇక యజమానులకు నా విన్నపం ఇది. వచ్చే జాతరకు సరుకు తెచ్చుకునే ముందే హాజరుకు, గంటలకు, ఓటీకి, సంతకానికి గడులున్న రిజిస్టరు ఒకటి తెచ్చుకోండి. మీ పనివాడికి న్యాయం చేసేదీ, రేపు మిమ్మల్ని కాపాడేదీ అదే.