ఇంటిగుట్టా? లోకధర్మమా?

1946వ సంవత్సరమున, మనకింకను స్వాతంత్ర్యము చేకూరకమునుపే, భారతదేశము ఐక్యరాజ్యసమితి మహాసభయందు దక్షిణాఫ్రికా ప్రభుత్వముపై ఫిర్యాదు చేసెను. ఆసియావాసులు భూములు కొనుటకును, కాపురముండుటకును హద్దులు గీచిన శాసనమొకటి ఆ యేడే అచ్చట పుట్టినది. 1860లో మదరాసు రేవునుండి నేటాలునకు బయలుదేరిన తొలి యోడతో నారంభమైన కూలివలసలో మన యాంధ్రజిల్లాలవారును గలరు. కావున నది మనకు దూరదేశపు వార్త గాక స్వజనుల దుఃఖమై యుండెను.

ఇది మా యింటి వ్యవహారము, పరులకిందు ప్రసక్తి లేదని దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్సు వాదించెను. శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ నాయకత్వమున మన ప్రతినిధులా వాదమును త్రోసిపుచ్చిరి. డిసెంబరు 8వ తేదీన 32 సమ్మతులతో, 15 వ్యతిరేకములతో మన పక్షమున తీర్మానము నెగ్గెను. ఆ తీర్మానము మరునాడే ఫలింపలేదు. అచ్చటి వర్ణవివక్షాపాలన 1994వ సంవత్సరమునకు గాని యంతరింపలేదు. అయినను, ప్రజలను బాధించు ప్రభుత్వము తన గడప నడ్డుపెట్టుకొని తప్పించుకొనరాదను ధర్మమునకు నాడే పునాది పడినది.

1948 డిసెంబరు 10న వెలువడిన మానవహక్కుల ప్రకటనము నందును మన చేయి గలదు. మొదటి యధికరణమున ‘పురుషులందరు’ అను నర్థమిచ్చు మాటను మార్పించి, ‘మానవులందరు’ అనిపించిన ఖ్యాతి శ్రీమతి హంసా మెహతాది.

నేడీ ధర్మమును కాపాడు సంస్థలకు సైన్యము లేదు, చెరసాల లేదు. ఒడంబడికకు లోబడిన ప్రభుత్వము నియమితకాలమున నివేదిక సమర్పించును. నిపుణుల సంఘము ప్రశ్నించును. లోపములను లోకమునకు వెల్లడించును. 2006లో నేర్పడిన 47 సభ్యరాజ్యముల మానవహక్కుల మండలి, సమితిలోని 193 దేశములను వంతులవారీగా పరీక్షించుచున్నది. వీనికి గల యాయుధ మొక్కటే: లోకాపవాదభయము.

ఇట్టి పరీక్షలలో మనదేశమును తరచుగా నడుగు ప్రశ్న యొకటి గలదు. చిత్రహింసను నిషేధించు 1984వ సంవత్సరపు ఒడంబడికపై మనము 1997లో చేవ్రాలు చేసితిమి, నేటివరకు ధ్రువపరుపలేదు. 2010లో లోకసభ యామోదించిన బిల్లు రాజ్యసభలో పరిశీలకసంఘమునకు పోయి, శాసనము కాకయే మురిగిపోయెను. ధ్రువపరుపవలసినదేయని 2017లో లా కమిషను సలహా యిచ్చెను. 170కి పైగా రాజ్యములు కట్టుబడిన నియమమునకు మనము వెలిగా నుండుట యెంతవరకు సమంజసము?

అగ్రరాజ్యములు పరులకు నీతులు చెప్పి తాము తప్పుచున్నవని కొందరందురు. అది నిజమే. కాని పొరుగువాడు పన్ను ఎగవేసెనని మన బాకీ రద్దగునా? మన సార్వభౌమత్వమునకు భంగమని మరికొంద రందురు. 1946లో స్మట్సు పలికిన పలుకు లివియే గదా! ఇష్టపూర్వకముగా నిచ్చిన మాటను నిలుపుకొనుట దాస్యము కాదు, అది గౌరవము. మన న్యాయస్థానములు, 1993లో స్థాపితమైన జాతీయమానవహక్కుల సంఘము చాలునని యింకొందరి వాదము. నిర్బంధమున మరణము సంభవించినచో 24 గంటలలో తమకు తెలుపవలెనని యా సంఘము ఆజ్ఞాపించుట మెచ్చదగినదే. కాని మరణించినపిదప వార్త చేరుట వేరు. చిత్రహింసనే ప్రత్యేకనేరముగా నిర్వచించి ముందుగా నడ్డుకొనుట వేరు.

ఠాణాలో దెబ్బలు తినువాడు సామాన్యముగా పలుకుబడి లేని కూలివాడు, పాలేరు. వానికి జామీను నిలుచువారు, వకీలును పెట్టువారు లేరు. ఆస్తియు, విద్యయు గల మన పాఠకులు ఇది తమకు సంబంధింపని విషయమని తలంపరాదు. తమ యూరి మనిషికై మాటలాడుట వారి విధి. ఈ యొడంబడికను గూర్చి తమ పార్లమెంటు సభ్యులను ప్రశ్నించుట దాని కారంభము.

ఆనాడు నేటాలులోని మనవారి కొరకు లోకము తలుపు తట్టితిమి. నేడు లోకము మన తలుపు తట్టునపుడు, ఇంటిగుట్టని గడియ వేసికొనుట మనకు తగదు.