ఇంటి వెల

గడచిన మాసమున మాకు వచ్చిన లేఖలలో నొకదానికి ఈ పుటలలోనే ప్రత్యుత్తర మీయదలచితిమి. వ్రాసిన సోదరి హైదరాబాదున కూకటిపల్లి ప్రాంతమున అద్దెయింట కాపురమున్నది. తన పేరు ప్రకటింపవలదని కోరినది గావున ప్రకటింపము. కాని ఆమె యడిగిన ప్రశ్న ఆమె యొక్కతెకు సంబంధించినది గాదు. పలువురు సోదరీమణులు దానినే పలు రూపముల నడిగియున్నారు. ఒకరికి కారు, వేరొకరికి కుమార్తె వివాహమునకు వడ్డాణము; ఈమెకు ఇల్లు.

లేఖ నాలుగు పుటలు. మొదటి మూడు పుటలును మియాపూరున దంపతులు చూచివచ్చిన క్రొత్త ఫ్లాటును గూర్చియే. తూర్పు వాకిలి, మూడు పడకగదులు, వంటయింటి ప్రక్కన అంట్లు తోముకొనుటకు వేరుగ చోటు, పూజకు చిన్న గది, బాల్కనీలో తులసికోటకు చాలినంత యెండ. వెల 80 లక్షలు. ఊరినుండి వచ్చిన అత్తగారు ఆ వాకిలి చూచి మిక్కిలి సంతసించిరట. ఆడపడుచుగారు నిరుడే సొంతయింట పాలు పొంగించిరట. ఇవి చదువునపుడు మాకును ముచ్చట గలిగినది. అద్దెయిండ్లకు సామాను మోసి మోసి యలసిన స్త్రీకి, మేకు కొట్టుకొనుటకు ఒకరి యనుమతి యక్కఱలేని గోడ యెంత ప్రియమో మే మెఱుగుదుము.

నాలుగవ పుట చివర, సంతకమునకు ముందు, రెండు మాటలు మాత్రము వ్రాసినది. భర్తగారికి నిద్ర పట్టుట లేదట; రాత్రి రెండు గంటలకు లేచి బాల్కనీలో కూర్చుండుచున్నారట. ఈ యుద్యోగము మాని యెచటనైన పాఠములు చెప్పుకొందునని ఒకటి రెండు సారులు అనిరట గాని, ఇల్లు కొన్న తరువాత ఆలోచింతమని ఆమెయే యన్నదట.

మూడు పుటల యింటికంటె ఈ రెండు మాటలే మమ్ము ఎక్కువ కాలము పట్టి నిలిపినవి.

సోదరి ఇంటి లెక్కలు శ్రద్ధగా వ్రాయు నలవాటు గలది. అంకెలన్నియు పంపినందుకు మెచ్చుకొనక తప్పదు. లెక్క పంపక సలహా యడుగువారే యెక్కువ. భర్తగారు ఒక సాఫ్టువేరు సంస్థలో పదునాలు గేండ్లుగా పనిచేయుచున్నారు. కోతలు పోను నెలకు చేతికి వచ్చునది 1,15,000 రూపాయలు. ఆమె సమీపమున నొక పాఠశాలలో బోధించి 18,000 తెచ్చుచున్నది. ఇంటి యద్దె 22,000. ఇద్దఱు బిడ్డల చదువు, తిండి, మందులు, అత్తమామలకు పంపునది కలిసి 53,000. వెరసి వ్యయము 75,000. నెలకు 58,000 మిగులుచున్నది. ఇట్లు కూడబెట్టిన సొమ్ము 32 లక్షలు.

ఫ్లాటు కొనినచో 60 లక్షలు బ్యాంకు ఋణము. నూటికి 8.5 వడ్డీ, 20 సంవత్సరముల గడువు అని బ్యాంకువారు చెప్పిరట. ఆ లెక్కను నెలసరి వాయిదా 52,069 రూపాయలు. తక్కిన 20 లక్షలును, రిజిస్ట్రేషనుకు, కొయ్యపనికి, గృహప్రవేశమునకు మఱి 12 లక్షలును తమ సొమ్మునుండియే పెట్టుకొనవలెను. అనగా ఇన్నేండ్ల కూడబెట్టు అంతయు ఒక్క మాసమున వ్యయమగును. అద్దె తప్పును, వాయిదాయు, ఫ్లాటుల సంఘమునకు కట్టవలసిన నాలుగు వేలును వచ్చి చేరును. నెల వ్యయము 1,09,000 అగును. వచ్చునది 1,33,000 గనుక ఇంకను 24,000 మిగులుచున్నది గదా యని సోదరి యడుగుచున్నది. ఈ లెక్కలో తప్పు లేదు. బ్యాంకువారు వేయు లెక్కయు ఇదియే. అయితే భర్తగారు ఇరువది యేండ్లు ఇదే కుర్చీలో కూర్చుందురన్న నమ్మకము మీద ఈ లెక్క యంతయు నిలిచియున్నది. ఋణము తీరునాటికి వారి వయస్సు 58.

ఇపుడు రెండవ లెక్క చూతము. వారు కోరినట్లు ఒక కళాశాలలో అధ్యాపకులుగా చేరిరనుకొందము. 60,000 వచ్చునని లేఖలోనే యున్నది. ఆమె జీతముతో కలిసి 78,000. అద్దెయింట నున్నంతవఱకు వ్యయము 75,000. మూడువేలు మిగులును, 32 లక్షలు కదలక యుండును. అనగా ఈ నెలలోనే ఆయన రాజీనామా వ్రాసియిచ్చినను ఈ సంసారము నిలుచును. ఇంటికి ఒక్క కాసు రాకున్నను ఆ నిలువసొమ్ము 42 నెలలు కుటుంబమును పోషింపగలదు. ఫ్లాటు కొన్న మఱునాడు ఇదే పని చేసినచో నెలకు 31,000 తక్కువ పడును. ఆ లోటు పూడ్చుటకు పెట్టెలో నేమియు నుండదు.

కావున ఆ ఫ్లాటు వెల 80 లక్షలతో తీరుట లేదు. పై యధికారి యెదుట నిలిచి ఈ పని నావలన గాదని చెప్పగల స్వాతంత్ర్యము ఈ దంపతుల కిపుడు గలదు. పదునాలుగేండ్లు పొదుపు చేసి వారు సంపాదించుకొన్నది నిజమునకు అది. దానిని కూడ ఆ వెలలో కలిపి యిచ్చుచున్నారు; విక్రయపత్రమున ఆ మాట వ్రాయబడదు.

అద్దెకు పోయిన సొమ్ము నీటిపాలు, వాయిదా కట్టిన సొమ్ము ఇంటిపాలు అని లోకమున నొక మాట గలదు. అత్తగారును ఇదే యనిరట. మొదటి నెల వాయిదా 52,069లో వడ్డీకి పోవునది 42,500. అసలునకు చెల్లునది 9,569 మాత్రమే. యజమానుల కిచ్చు 22,000 నీటిపాలైనపుడు బ్యాంకున కిచ్చు 42,500 ఎవరి పాలు? ఐదేండ్లు ఒక్క నెలయు తప్పక కట్టిన పిదప, అనగా 31 లక్షలకు పైగా చెల్లించిన పిదప, 60 లక్షల అసలులో ఇంకను 52 లక్షల 87 వేలు నిలిచియుండును. వడ్డీయైనను ఒక్క తీరున నుండునా యన్న నదియు లేదు. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకువారు తమ రెపో వడ్డీని 4 నుండి 6.5 శాతమునకు పెంచిరి. 2025లో కొంత తగ్గించిరి. పెరిగిన కాలమున పెక్కు ఇండ్లలో వాయిదా మాఱలేదు గాని గడువు సంవత్సరముల కొలది సాగినది. ఆ సంగతి తెలియనివారు తెలిసినవారికంటె ఎక్కువ. వాయిదా పెంచవలెనా గడువు పెంచవలెనా యని ఋణగ్రహీతనే యడుగవలెనని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఇక పన్ను కలిసివచ్చునని మధ్యవర్తులు చెప్పుదురు. 2023-24 నుండి, వేరుగ కోరుకొననిచో, క్రొత్త పన్ను విధానమే వర్తించుచున్నది. అందు తాము కాపురమున్న యింటి ఋణవడ్డీకి మినహాయింపు లేదు.

మేము ఇల్లు వలదనువారము కాము. అద్దెయింటి బాధలు పురుషులకంటె స్త్రీలకే యెక్కువ తెలియును. నీటి పంపు వేయు వేళ వారిది. చుట్టములు వచ్చినచో లెక్క వారిది. కుమారుని వివాహమనియో మఱియొకటనియో చెప్పి ఖాళీ చేయుమన్నపుడు, నడుమ సంవత్సరమున బిడ్డలను పాఠశాల మార్చు కష్టము మాత్రము మనది. పెద్దతనమున తలదాచుకొన నీడ యుండవలెను. ఇల్లాలి పేర నొక గది యైన నున్నచో ఆమె మాటకు వచ్చు బరువు వేఱు. ఇవన్నియు నిజములు. వీనికై ఎంత ఋణము చేయవచ్చునన్నదే ప్రశ్న.

చాలకాలము క్రిందట మేమొక కుట్టుమిషను వాయిదాలమీద కొంటిమి. పదునెనిమిది వాయిదాలు. పదవ వాయిదానాటికే దాని సూది కదలుట మానినది. తక్కిన యెనిమిది నెలలును, పనిచేయని వస్తువునకై నెల మొదటి తారీఖున సొమ్ము లెక్కపెట్టి యిచ్చితిమి. చిన్న మొత్తమే. అయినను ఆ తారీఖు వచ్చుచున్నదన్న తలపు ముందు వారమునుండియే వెంబడించెడిది. ఇరువది యేండ్లలో నట్టి తారీఖులు 240.

ఆరోగ్యపు మాట వచ్చినది గాన, మెత్తగా చెప్పి తప్పించుకొనలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో నొక పరిశీలన ప్రకటించినవి. వారమునకు 35 నుండి 40 గంటలు పనిచేయువారికంటె, 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి పక్షవాతము వచ్చు నపాయము 35 శాతము, గుండెకు రక్తము చాలక మరణించు నపాయము 17 శాతము ఎక్కువయని అందు తేలినది. భర్తగారు రాత్రి పదకొండు వఱకు అమెరికావారితో ఫోనున మాటలాడి, ఉదయము తొమ్మిదికి మరల కంప్యూటరు ముందు కూర్చుందురని సోదరి మఱియొక చోట వ్రాసినది. గంటలు ఆమెయే లెక్కించుకొనవచ్చును. నిద్ర లేకుండుట నెలల తరబడి సాగుచున్నదనిన, ఫ్లాటు చూచుటకు మరల పోవుటకంటె వైద్యుని యొద్దకు పోవుట ముందు జరుగవలసిన పని. రక్తపు పోటు చూపించుకొనుటకు అరగంట పట్టదు.

అధిక సుఖి యెవరని యక్షుడు అడిగినపుడు ధర్మరాజు చెప్పిన యుత్తరమున, తన యింట కూరాకు వండుకొని తినువాని కప్పు లేకుండవలెనన్న నియమము గలదు. మేడ ప్రస్తావన మాత్రము అందు లేదు.

లేఖలో నింకొక ఫ్లాటు మాట గలదు. సోదరి దానిని ఒక్క పంక్తిలో తీసివేసినది. నిజాంపేటలో, పదియేండ్ల క్రిందట కట్టినది, రెండు పడకగదులు, 45 లక్షలు, వాకిలి ఉత్తరము. అత్తగారికి ఇఱుకుగ తోచినదట. మాకు మాత్రము లేఖ యంతటిలో నదియే మంచి వార్తగా కనబడినది. 32 లక్షలలో 8 లక్షలు తాకక ప్రక్కన నుంచి, నాలుగు లక్షలు రిజిస్ట్రేషను మొదలగు ఖర్చులకు పెట్టి, 20 లక్షలు యజమానికిచ్చి, 25 లక్షలు మాత్రము ఋణము తీసికొనినచో, అదే వడ్డీకి అదే గడువునకు వాయిదా 21,696. నేటి యద్దెకంటె మూడువందలు తక్కువ! సంఘపు రుసుము కలిసినచో అధ్యాపకుని జీతముతో నెలకు వేయి రూపాయలు చాలకపోవచ్చును. దానిని ఇల్లాలు సర్దగలదు. ప్రక్కనుంచిన 8 లక్షలు పది నెలల వ్యయమునకు సరిపోవును. చంచల వడ్డీపై తీసికొన్న ఇంటి ఋణమును వ్యక్తులు గడువునకు ముందే తీర్చినచో బ్యాంకులు జరిమానా వేయరాదు. చేతికి సొమ్ము వచ్చినపుడెల్ల అసలు తగ్గించుకొనవచ్చును. అయినను ఉద్యోగము మాఱి, క్రొత్త జీతము ఆరు నెలలు అందుకొని చూచిన పిదపనే ఈ చిన్న యింటికైనను బయానా ఈయవలెనని మా యభిప్రాయము. అప్పటి కది అమ్ముడుపోయినచో అట్టిది మఱియొకటి దొరకును.

కొయ్యపనికి సొమ్ము చాలనిచో తన నగలు కుదువ పెట్టెదనని సోదరి వ్రాసినది. వలదు. బీరువాలకును, పైకప్పు అలంకారములకును స్త్రీధనము పెట్టుట మాకు సమ్మతము గాదు. మఱియు ఋణపత్రముపై సహఋణగ్రహీతగా ఆమె సంతకమును బ్యాంకువారు కోరుదురు. ఆ సంతకము పెట్టినచో సగమునకు గాదు, ఋణమంతటికిని ఆమె బాధ్యురాలగును. 18,000 జీతముగల స్త్రీ 60 లక్షలకు సంతకము పెట్టుటకు ముందు, ఇంటి పత్రమున తన పేరున్నదా లేదా యన్నదైన చూచుకొనవలెను. పెక్కుమంది చూచుకొనరు.

ఇక అత్తగారితో నెవరు చెప్పవలెనన్నది. ఉద్యోగము మానదలచిన సంగతి భర్తగారు తల్లికి ఇంతవఱకు తెలుపలేదట. పదునాలుగేండ్లు పెద్ద జీతము తెచ్చిన కుమారుడు, తగ్గిన జీతము మాట తల్లితో చెప్పుటకు జంకుట సహజమే. తల్లియు ఆ బాల్కనీ సంగతి యెఱుగదు. ఎఱిగినచో తూర్పు వాకిలికై పట్టుపట్టునని మేము తలపము. కాని అత్తగారికంటె ముందు మాటలాడవలసినది ఆయనతో. సోదరీ, ఇల్లు కొన్న తరువాత ఆలోచింతమని మీరే యంటిరి గాన, ఆ మాట మీరే వెనుకకు తీసికొనవలెను. ఆయనయంతట ఆయన మరల అడుగరు. ఆదివారము బిడ్డలు నిద్రించిన పిదప మీ లెక్కపుస్తకము ముందుంచి, పైన వ్రాసిన రెండు లెక్కలును ఆయనకు చూపుడు. ఉద్యోగము మానినను ఇల్లు గడుచునన్న సంగతి, మీ యంకెలలో నంత స్పష్టముగా నున్నది, ఆయనకు తెలియునో లేదో మాకు సందేహము.

మియాపూరు ఫ్లాటునకు ఈ నెలాఖరులోగా బయానా ఈయవలెనని గడువు పెట్టిరట. ఆ గడువు అమ్మువారిది. పోనిండు. భర్తగారు ఏమనిరో మాకు వ్రాయుడు. మీ రనుమతించినచో ఆ సంగతి ఈ పుటలలో మరల ప్రస్తావించెదము.