అతిసారము: పటమునందలి రంగులు

వర్షములు ఆరంభమైనంతనే అతిసారము పొడసూపుటయు, దానివెంట అధికారుల ప్రకటన వెలువడుటయు మన పట్టణములకు ఆచారమైనది. ఈ జిల్లా అధికము, ఆ జిల్లా స్వల్పమని రంగులు పూసిన పటమొకటి గోడకు తగిలింతురు. ఎఱ్ఱరంగు పడిన ప్రాంతమువారికి శుచి తెలియదనియు, అచటి శీతోష్ణస్థితి యట్టిదనియు వ్యాఖ్యానింతురు. ఇది క్రొత్త వాదము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున హిందూదేశ ప్రభుత్వమునకు శానిటరీ కమీషనరుగా నుండిన కన్నింగ్‌హామ్ దొర, విషూచి నీటివలన వ్యాపించునను సిద్ధాంతమును త్రోసిపుచ్చి, గాలికిని స్థలమునకును దోషము నంటగట్టెను. 1884లో కోఖు పండితుడు కలకత్తా చెరువునీటియందే ఆ క్రిమిని చూపిన పిమ్మటను ఆ వాదము వెంటనే చావలేదు. గాలిదే తప్పయినచో సర్కారునకు ఖర్చు లేదు గదా!

పటము గీయుట తప్పని మే మనుట లేదు. ఏమి గీసితిరని అడుగుచున్నాము. 1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు విషూచి మృతుల యిండ్లను పటముపై గుర్తించి, బ్రాడ్ వీథియందలి యొక్క నీటిపంపు చుట్టును అవి మూగియుండుట చూపెను. అంతకన్న బలవత్తరమైన సాక్ష్యము ఆయన రెండవ పరిశోధనయందున్నది. దక్షిణ లండనున ఒకే వీథిలోని ఇరుగుపొరుగు ఇండ్లకు రెండు కంపెనీలు నీరమ్ముచుండెను. గాలి యొకటియే, నేల యొకటియే. ధనికులును పేదలును రెండు ఖాతాలయందును ఉండిరి. ఆ జాడ్యము సాగిన తొలి యేడు వారములలో, నగరపు మురుగు కలిసిన థేమ్సు నీటి నమ్మిన సౌత్‌వార్కు-వాక్సాల్ కంపెనీవారి ఇండ్లు పదివేలకు 315 మరణములు. 1852లోనే నదికి ఎగువకు పోయి నీరు తీసికొన్న లాంబెత్ కంపెనీవారి ఇండ్లకు 37. ముద్దాయి యెవరో తేల్చుటకు ఇంకేమి సాక్ష్యము కావలెను?

2018 మార్చియందు మన గుంటూరున అతిసారము ప్రబలి ప్రజలు ప్రాణములు గోల్పోయిరి. త్రాగునీటి గొట్టములలో మురుగు కలిసినదని పేటలు మొఱపెట్టెను. జిల్లా యంతటికిని ఒక రంగు పూసిన పటమున ఆ గొట్టము కనబడునా?

మన పురములు పెక్కింట కొళాయికి నీరు దినమునకు కొలది గంటలే. తక్కిన కాలము గొట్టమున ఒత్తిడి యుండదు. అతుకుల సందులనుండి ప్రక్కనున్న మురుగు లోనికి పీల్చబడును. మరునాటి తొలి బిందెలో పడునది యదియే. కలవాడు నీటిడబ్బా కొనును, కూలివాడు ఆ బిందెనే దించుకొనును. డెల్టా పల్లెలలో దారి వేఱు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు నింపుకొన్న చెరువే అచట త్రాగునీరు. తొలి వానకు గట్టుమీది మలినమంతయు దానిలోనికే దిగును. పేటకును పల్లెకును వ్యాధి యొకటియైనను చికిత్స చేయవలసిన చోటు ఒకటి కాదు.

చేతులు కడుగుకొనుడని బోధించువారితో మాకు తగవు లేదు. మా వాలంటీర్లును ఆ బోధ చేయుచునే యున్నారు. కడుగుటకు నీరేదని ఇల్లాండ్రు అడిగినప్పుడు వారికి జవాబు దొరకుట లేదు. 1971లో బంగాం శరణార్థి శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు త్రాగించి విషూచి మరణములను నూటికి నాలుగింటికి లోబరచెను. ఆ నీరు ప్రాణము నిలుపును గాని పగిలిన గొట్టము నతుకదు.

ప్రతి పురపాలక సంఘమును రోగి యిల్లు, ఆ యింటి కొళాయి గొట్టము, దాని ప్రక్కని మురుగుకాలువ, ఆ వీథి మరుగుదొడ్లు ఒక్క పటముపై గీయించి, పఠనమందిరముల గోడలపై అంటింపవలెను. గొట్టము మార్చుటకు సొమ్ము లేదందురా? ఆ మాటయే పటము క్రింద వ్రాసి, అధ్యక్షులవారు సంతకము చేయుదురు గాక!