కారు కాస్త ఆపండి!

"ఆ కొండ చూసేశాం కదండీ వదినగారూ, మళ్ళీ ఎందుకూ?" అంటాడు మా మరిది. ఈ 'చూసేశాం' అన్న మాట మీదే నాకు పేచీ.

2019 జూలైలో కాలిఫోర్నియాలో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, మమ్మల్ని లాసెన్ అగ్నిపర్వతాల పార్కుకి తీసుకెళ్ళాడు. పార్కు మధ్యనుంచి 30 మైళ్ళ ఘాట్ రోడ్డు. 1931లో పూర్తయిందట. అన్నిటికన్నా ఎత్తైన చోట 8,512 అడుగులు. స్టీరింగు దగ్గర మరిది, పక్కన మావారు. వెనకసీట్లో నేనూ, చెల్లెలూ, మా మధ్య పులిహోర డబ్బా.

కొండ ఎక్కగానే రోడ్డు వారనే బురద కుతకుత ఉడుకుతోంది, అచ్చు పొయ్యిమీద అంబలి కుండలాగా! కుళ్ళిన కోడిగుడ్ల వాసన. చూద్దామని తల వంచేలోగా "అద్దాలెత్తేయండి" అన్నారు మావారు. ఇంకాస్త పైన హెలెన్ సరస్సు. నడి జూలైలో మంచు! దారివార ఊదారంగు పూలు. "కాస్త ఆపుతారా?" అన్నమాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ముందు సీట్లో వాళ్ళు పెట్రోలు ధర మాట్లాడుకుంటున్నారు. గంటకు అవతల గేటు దాటేశాం. "చూసేశాం" అన్నాడు మరిది. అప్పుడు పులిహోర తిన్నాం.

ఏం చూశామండీ? ఆ లాసెన్ శిఖరం 1914 నుంచి 1917 దాకా రగిలిందనీ, 1915 మే 22న భయంకరంగా పేలిందనీ, లోకంలో ఉన్న నాలుగు రకాల అగ్నిపర్వతాలూ ఆ ఒక్క పార్కులోనే ఉన్నాయనీ, ఇంటికొచ్చాక పుస్తకంలో చదువుకున్నాను. పుస్తకంలో చదవడానికి అంతదూరం వెళ్ళాలా?

పెరట్లో మామిడిచెట్టుని పూతలో, పిందెలో, కాపులో, కాయలన్నీ కోసేశాక బోసిగా ఉన్నప్పుడూ చూస్తాం. పూతనాడు ఒక్కసారి చూసి "చెట్టు చూసేశాను" అంటే నవ్వరూ? కొండకు మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

2022లో మళ్ళీ వెళ్ళాను. ఈలోగా చెల్లెలు లైసెన్సు తెచ్చుకుంది. కూరగాయల షాపుకీ, పిల్లల స్కూలుకీ నడపడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ కొండకి మేమిద్దరమే వెళతామనేసరికి, "ఘాట్ రోడ్లు నీకెందుకూ?" అన్నాడు మరిది. అతని భయం ఉత్తిదనను. కొన్ని మలుపుల్లో రోడ్డంచున గోడైనా లేదు, పక్కనే లోయ. అయితే లోయకి నడిపేది మగవాడో ఆడదో తెలుస్తుందా? మెల్లగా నడపాలి, వెనకొచ్చేవాళ్ళకి పక్కకి జరిగి దారివ్వాలి. చెల్లెలు అదే చేసింది.

అది అక్టోబరు. మైదానంలో గడ్డి పండిన వరిచేనులా పసుపుపచ్చగా ఉంది. ఉడికే బురద దగ్గర చాలాసేపు నిలబడ్డాం. అవతలికి దిగుతుంటే దారిపక్క అడవి కాలిన అగ్గిపుల్లల్లా నల్లగా నిలబడి ఉంది. 2021లో వచ్చిన డిక్సీ కార్చిచ్చు పార్కులో మూడింట రెండు వంతులకు పైగా తాకింది. చెల్లెలు కారాపి చాలాసేపు మాట్లాడలేదు. "అప్పుడు ఇవన్నీ పచ్చగా ఉన్నాయి కదక్కా! నేను సరిగ్గా చూడనేలేదు" అంది. నేనూ చూడలేదు. నా ఒళ్ళో డబ్బా ఒలికిపోతుందేమోనని చూసుకుంటూ కూర్చున్నాను. ఇక ఆ అడవిని అలా చూడాలంటే మా జీవితకాలం చాలదు.

ఆ 30 మైళ్ళకీ మాకు రోజంతా పట్టింది.

డిసెంబరులో మూడోసారి వెళ్ళాం. దారి మధ్యలో గేటు మూసేశారు. హెలెన్ సరస్సు దగ్గర ఆ రోడ్డుమీద మంచు కొన్నేళ్ళు 40 అడుగుల దాకా పేరుకుంటుందట. గేటు దగ్గర దిగి మంచులో నడిచాం. అంతా తెల్లగా ఉంటే, ఆ బురదగుంట ఒక్కటే ఆవిర్లు కక్కుతూ ఉడుకుతోంది. అదే దారి, అదే కొండ. మూడుసార్లూ మూడు కొండలు!

ఆ హెలెన్ ఎవరనుకున్నారు? 1864లో లాసెన్ శిఖరం ఎక్కినట్టు నమోదైన మొదటి తెల్లజాతి స్త్రీ, హెలెన్ బ్రాడ్ట్. అంతకుముందు తరతరాలుగా ఆ కొండల్లో వేసవులు గడిపిన ఆదిమ తెగల ఆడవాళ్ళ పేర్లు మటుకు ఎవరూ రాసిపెట్టుకోలేదు. అక్కడే బంపాస్ అనే ఆయన పేరుమీద ఒక 'నరకం' కూడా ఉంది. వెంట వచ్చినవాళ్ళకి అడుగు చూసి వేయండని జాగ్రత్తలు చెబుతూ, తనే పలచని నేలమీద అడుగేసి మరిగే బురదలో కాలు కాల్చుకున్నాడు. చివరికి ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. పాపం, జాలిపడవలసిన సంగతే. కానీ పక్కసీట్లో కూర్చుని "జాగ్రత్త, జాగ్రత్త" అనే మహానుభావుల్ని చూసినప్పుడల్లా నాకు బంపాస్ గారే గుర్తొస్తారు.

కాలిఫోర్నియా వెళ్ళమని నేను చెప్పడం లేదు. మీ ఊరికి దగ్గర్లో ఏ ఘాట్ రోడ్డున్నా చాలు. స్టీరింగు పట్టగలిగితే పట్టండి. పట్టలేకపోతే నోరైనా విప్పండి. "కారు కాస్త ఆపండి, నేను దిగి చూడాలి" అనడానికి లైసెన్సు అక్కర్లేదు కదా!

మొన్న ఫోనులో మరిది, "ఈసారి జూలైలో నేనూ వస్తానండీ వదినగారూ" అన్నాడు. "తప్పకుండా రావయ్యా. వెనకసీటు ఖాళీగానే ఉంది. పులిహోర డబ్బా మాత్రం జాగ్రత్తగా పట్టుకోవాలి" అన్నాను.